రాకెట్ చిట్లింది, షాపులో కసిరారు: ముందు ఏది తేల్చుకోవాలి?

ప్రశ్న: మాది ఖమ్మం. మా అమ్మాయికి పద్నాలుగేళ్లు, షటిల్‌లో అండర్-15 జిల్లా స్థాయి ఆడుతోంది. హైదరాబాద్‌లో బ్యాడ్మింటన్ సామాను మాత్రమే అమ్మే షాపులో 9,500 రూపాయలు పెట్టి రాకెట్ కొన్నాం. అక్కడే 24 పౌండ్ల బిగువుతో గట్టింగ్ (రాకెట్ తలకు తీగలు బిగించడం) చేయించాం. దానికి 700 యూపీఐలో తీసుకున్నారు, బిల్లు ఇవ్వలేదు. నాలుగో రోజు ప్రాక్టీసులో స్మాష్ కొడుతుంటే ఫ్రేమ్ చిట్లింది. షాపుకు పట్టుకెళ్తే కనీసం చేతిలోకి తీసుకుని చూడలేదు. "ఎవరి రాకెట్‌కో తగిలించుకుని ఉంటది" అన్నారు. గట్టిగా అడిగితే బిల్లు కింద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న లైను చూపించారు. పైగా "ఆట రాని పిల్లలకు ఇంత ఖరీదు రాకెట్లెందుకు" అని నలుగురిలో అన్నారు. పాప అక్కడే ఏడ్చేసింది. ఇంకో పదిహేను రోజుల్లో టోర్నమెంట్ ఉంది. కేసు వేయాలా, వదిలేయాలా?

సమాధానం: వదిలేయొద్దు. అలాగని రేపే కేసు అనీ అనుకోవద్దు. మీ ఉత్తరంలో మూడు గొడవలు ఒకే ముడిలో పడి ఉన్నాయి. రాకెట్ అమ్మకం ఒకటి, గట్టింగ్ పని ఒకటి, పాపను అన్న మాట ఒకటి. షాపువాళ్లకు ఈ మూడూ కలిసిపోవడమే కావాలి. మీరు మాట గురించి అడిగితే వాళ్లు రాకెట్ గురించి చెబుతారు, రాకెట్ గురించి అడిగితే పాప ఆట గురించి మాట్లాడతారు. ముందు రాకెట్ సంగతి తేల్చండి. అది తేలితే మిగతా రెండిటికీ బలం వస్తుంది.

ఈ క్షణం నుంచి ఆ రాకెట్‌లోని గట్ (తీగలు) కోయకండి. మామూలుగా చెప్పే సలహాకు ఇది విరుద్ధం. ఫ్రేమ్ బాగుండి గట్ మాత్రమే తెగితే మిగిలిన తీగలన్నీ వెంటనే మధ్య నుంచి అంచులకు కోసేయాలి. లేకపోతే ఒక పక్క బిగువు, ఒక పక్క వదులు అయి ఫ్రేమ్ వంకర పోతుంది. మీ విషయంలో ఫ్రేమే పోయింది కాబట్టి కాపాడుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఆ గట్ మీకిప్పుడు సాక్ష్యం. షాపువాళ్లు "ఇవ్వండి, గట్ తీసి చూస్తాం" అన్నా, ఫొటోలు తీసుకోకుండా, రాకెట్ అందినట్టు వాళ్లతో రాయించుకోకుండా చేతికి ఇవ్వకండి.

ఎండ వెలుతురులో ఫొటోలు తీయండి. రాకెట్ మొత్తం రెండు వైపులా, చిట్లిన చోటు దగ్గరగా లోపలి వైపు, బయటి వైపు, పక్కన స్కేలు పెట్టి ఒకటి. హ్యాండిల్ పైన కోన్ మీదున్న అక్షరాలకు ఒకటి, సీరియల్ నంబరుకు ఒకటి. కోన్ మీద సాధారణంగా 4యూ (బరువు), జీ5 (పిడి సైజు) లాంటి గుర్తులతో పాటు ఎన్ని పౌండ్ల వరకు లాగొచ్చో ముద్రించి ఉంటుంది. 4యూ అంటే రాకెట్ బరువు దాదాపు 80 నుంచి 84 గ్రాములు. ఈ తరగతి మంచి రాకెట్లు చాలావాటి మీద 20–28 పౌండ్లని కనిపిస్తుంది. కొన్ని తేలిక రాకెట్లకు హద్దు ఇంకా తక్కువ. మీ రాకెట్ మీద ఎంతుందో చూసి రాసిపెట్టుకోండి, మున్ముందు వాదన అంతా ఆ అంకె చుట్టూనే తిరుగుతుంది.

తర్వాత చిట్లిన చోటును పోలీసు కంటితో చూడండి. ఇంకో రాకెట్ తగిలితే దెబ్బ బయటి నుంచి పడుతుంది. అక్కడ పెయింటు పెచ్చు లేచి ఉంటుంది, ఒక్కోసారి అవతలి రాకెట్ రంగు అంటుకుని ఉంటుంది. ఇలాంటి దెబ్బలు ఎక్కువగా పైభాగంలో, గడియారంలో పది నుంచి రెండు అంకెల మధ్య ఉంటాయి. తల చివర గీతలు గీతలుగా అరిగి ఉంటే అది నేలకు రాసుకున్న గుర్తు. అలా కాకుండా బయట పెచ్చు ఏమీ లేకుండా, పగులు ఒక గట్ రంధ్రం దగ్గర మొదలై పక్క రంధ్రం వైపు పాకి ఉంటే, రంధ్రం చుట్టూ ఫ్రేమ్ లోపలికి కుంగినట్టు, గ్రోమెట్ (రంధ్రంలోని ప్లాస్టిక్ తొడుగు) దిగబడినట్టు కనిపిస్తే, అనుమానం తీగల బిగువు మీదికో, ఫ్రేమ్ తయారీ లోపం మీదికో మళ్లుతుంది. ఫ్రేమ్, షాఫ్ట్ (తలకూ పిడికీ మధ్య కాడ) కలిసే చోట ఊడినా, తల మెలి తిరిగినా ఎక్కువగా అతుకు లోపమే అవుతుంది. రాకెట్‌ను నేలకేసి కొట్టలేదన్నది మాత్రం ఖాయమై ఉండాలి.

ఇక్కడ కాస్త కష్టమైన పని ఒకటుంది. పాపను కోప్పడకుండా అడగండి: ఆ నాలుగు రోజుల్లో డబుల్స్ ఆడిందా, ఎవరి రాకెట్‌కైనా తగిలిందా, రాకెట్‌ను కారులోనో బండి మీదో ఎండలో వదిలేసిందా. కార్బన్ ఫ్రేమ్‌తో ఒక చిక్కుంది. సోమవారం తగిలిన దెబ్బకు లోపల చిన్న పగులు పడి, బుధవారం మామూలు స్మాష్‌కు విచ్చుకుంటుంది. "కొట్టినప్పుడు పగిలింది" అన్నది నిజమే అయినా, కారణం రెండు రోజుల ముందుది కావచ్చు. కోచ్‌ను, తోటి పిల్లలను కూడా అడగండి. రాకెట్ తగిలిందని తేలితే ఫ్రేమ్ గురించి పోట్లాడకండి, ఓడిపోతారు. తగల్లేదని కోచ్ రెండు వాక్యాలు రాసి సంతకం పెడితే అది షాపువాళ్ల ఊహ కన్నా బరువైన కాగితం.

గట్టింగ్ ఫ్రేమ్‌ను ఎలా పగలగొడుతుందో తెలిస్తే అడగాల్సిన ప్రశ్నలు వాటంతట అవే వస్తాయి. మామూలు రాకెట్‌లో నిలువు తీగలు 22. ఒక్కోదాన్ని 24 పౌండ్లతో లాగితే మొత్తం 528 పౌండ్లు, అంటే దాదాపు 240 కిలోలు. బస్తా నలభై కిలోలనుకుంటే మీ ఊరి మిర్చి యార్డులో ఆరు బస్తాలు. అంత బలం ఎనభై చిల్లర గ్రాముల రాకెట్ తలను పైనుంచి కిందికి నొక్కుతుంది. నిలువు తీగలు పూర్తయి అడ్డ తీగలు ఇంకా పడని ఆ కాసేపే ఫ్రేమ్‌కు గండం. అందుకే మంచి మెషీన్‌లో తలను ఆరు చోట్ల పట్టి ఉంచే సపోర్టులుంటాయి. పైన, కింద రెండు చోట్ల మాత్రమే పట్టే చవక మెషీన్‌లోనో, సపోర్టులు సరిగ్గా ఆనించకుండానో లాగితే తల అడ్డంగా ఉబ్బి పొట్టిగా అవుతుంది. అప్పుడు పగలకపోవచ్చు. నాలుగు రోజుల తర్వాత ఆటలో పగులుతుంది.

లాగే వరుసలోనూ తప్పులు జరుగుతాయి. నిలువు తీగలు మధ్యలో మొదలై కుడికి ఒకటి రెండు, ఎడమకు ఒకటి రెండు చొప్పున సాగాలి. తొందరలో ఒక పక్క అన్నీ లాగేసి రెండో పక్కకు వస్తే ఫ్రేమ్ ఒంటి వైపు ఒరుగుతుంది. అడ్డ తీగలను నిలువు వాటికన్నా రెండు పౌండ్లు ఎక్కువగా లాగడం చాలామంది పాటించే పద్ధతి, తల అసలు ఆకారానికి రావడానికి. కాబట్టి "24" అంటే 24కి 24ఆ, 24కి 26ఆ అన్నది అడగాల్సిన ప్రశ్న. మెషీన్ కిలోల్లో చూపించేదైతే ఇంకో తప్పు దొర్లుతుంది. 24 పౌండ్లంటే 10.9 కిలోలు. చేతికి వచ్చిన గుండు అంకెగా 12 పెట్టేస్తే అది 26.5 పౌండ్లు. దాని మీద అడ్డ తీగలకు ఇంకో రెండు కలిపితే 28.5, అంటే చాలా ఫ్రేముల హద్దు దాటినట్టే.

చేత్తో తిప్పే క్రాంక్ మెషీన్ అనుకున్న బిగువు రాగానే తాళం పడి ఆగిపోతుంది, ఆ తర్వాత తీగ కొంత సడలుతుంది. ఎలక్ట్రానిక్ మెషీన్ తీగను పట్టి ఉంచే క్లాంపు బిగించేదాకా లాగుతూనే ఉంటుంది. అందుకే ఒక షాపు 24, ఇంకో షాపు 24 చేతికి ఒకేలా అనిపించవు. ఇది మోసం కాదు, కానీ షాపువాళ్లు చెప్పాల్సిన విషయం.

ఇవి తెలుసుకుని ఇంట్లోనే రెండు కొలతలు తీయండి. తల నిలువు ఎంత, అడ్డం ఎంత, మిల్లీమీటర్లలో. ఇదే మోడల్ వాడే ఇంకో పిల్ల రాకెట్‌తో పోల్చండి. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా మామూలే. అడ్డం బాగా పెరిగి నిలువు తగ్గి ఉంటే సపోర్టు లేకుండా లాగారనో, అడ్డ తీగలు వదులుగా వేశారనో అర్థం. పగులు పెద్దదై ఫ్రేమ్ విడిపోయి ఉంటే మాత్రం ఈ కొలత చెల్లదు. ముడులు లెక్కపెట్టండి. నిలువుకు ఒక ముక్క, అడ్డానికి ఒక ముక్క వాడితే నాలుగు, ఒకే తీగతో అల్లితే రెండు. రెండూ ఒప్పుకునే పద్ధతులే, కానీ షాపువాళ్లు ఏది చేశామంటున్నారో దానితో సరిపోవాలి. చాలా కంపెనీల గట్ మీద సన్న అక్షరాల్లో పేరుంటుంది. మధ్యలో అరిగిపోయినా అంచుల దగ్గర మిగులుతుంది. మీకు చెప్పిన గట్ అదేనా చూసుకోండి. ఫోన్‌లో తీగ మోత విని బిగువు చెప్పే ఆప్‌లున్నాయి. వాటిని ఆధారంగా చూపించకండి. గట్ వేసిన మొదటి రోజే కొంత సడలుతుంది, ఫ్రేమ్ పగిలాక ఇంకా సడలుతుంది.

ఇప్పుడు షాపుకు సంబంధం లేని ఇంకో గట్టింగ్ చేసేవారి దగ్గరికి వెళ్లండి. అకాడమీల దగ్గర పనిచేసేవారైతే మేలు, రోజూ పదుల రాకెట్లు చూస్తారు. "ఇది ఎవరి తప్పు?" అని అడగకండి, ఎవరూ సాటి వ్యాపారి మీద మాట అనరు. "ఈ పగులు బయటి దెబ్బదా, రంధ్రం దగ్గర మొదలైందా?" అని అడగండి. చూసింది చూసినట్టు రాసివ్వమనండి. అంత చాలు.

బిల్లు కింద ఆ లైను సంగతికి వద్దాం. రంగు నచ్చలేదు, బరువు కుదరలేదు అంటే ఆ లైను మిమ్మల్ని ఆపుతుంది, అది న్యాయమే. లోపం ఉన్న సరుకు విషయంలో ఆపదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47) ప్రకారం, లోపమున్న వస్తువును వెనక్కి తీసుకుని బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా డబ్బు తిరిగి ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. అదే సెక్షన్ కింద బిల్లు ఇవ్వకపోవడమూ అనుచిత వ్యాపార పద్ధతే. మీ 700 సంగతి అక్కడికొస్తుంది. గట్టింగ్ అనేది సేవ, సేవలో లోపం జరిగినా ఇదే చట్టం వర్తిస్తుంది. బిల్లు లేదు కదా అని దిగులు పడకండి. యూపీఐలో ఆ రోజు, ఆ సమయంలో, ఆ షాపు పేరు మీద పడిన 700 రూపాయల ఎంట్రీ ఉంది. దాని స్క్రీన్‌షాట్‌తో పాటు బ్యాంకు స్టేట్‌మెంట్ కూడా తీసిపెట్టుకోండి.

కంపెనీ వారంటీ వేరే దారి. చాలా బ్రాండ్లు తయారీ లోపానికే పూచీ పడతాయి. దెబ్బకూ, గట్‌కూ, ముద్రించిన హద్దు దాటిన బిగువుకూ పడవు. అందుకే కంపెనీ "హద్దు మించి లాగారు" అంటుంది, షాపు "కంపెనీ లోపం" అంటుంది, మధ్యలో మీరు బంతి అవుతారు. అలా కాకుండా ఒకే రోజు ఇద్దరికీ రాయండి. కంపెనీకి కస్టమర్ కేర్ మెయిల్, సీరియల్ నంబరు, ఫొటోలు, బిల్లు. కంపెనీ తన లోపం కాదని రాసిచ్చినా మీకు లాభమే, ఆ కాగితం షాపు మీద వాడొచ్చు.

షాపుకు రాసే ఉత్తరం ఇలా ఉంటే చాలు:

"ఫలానా తేదీన మీ షాపులో ఫలానా మోడల్ రాకెట్ (సీరియల్ నంబరు ఫలానా) 9,500 రూపాయలకు కొన్నాను. అదే రోజు మీరే 24 పౌండ్లకు గట్టింగ్ చేశారు, 700 రూపాయలు యూపీఐలో చెల్లించాను, బిల్లు ఇవ్వలేదు. నాలుగో రోజు ఆటలో ఫ్రేమ్ ఫలానా చోట రంధ్రం దగ్గర చిట్లింది. బయటి దెబ్బ గుర్తు లేదు, ఫొటోలు జతపరిచాను. రాకెట్‌ను పరిశీలించి కారణం రాతపూర్వకంగా తెలపండి. నిలువు, అడ్డ తీగలు ఎంతెంత బిగువుతో, ఏ మెషీన్ మీద లాగారో తెలపండి. 15 రోజుల్లోగా అదే మోడల్ కొత్త రాకెట్ గానీ, 10,200 రూపాయలు గానీ ఇవ్వండి. లేకుంటే వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను."

ఫొటోల్లో ఏం కనిపిస్తే అదే రాయండి. పగులు పక్కన పెచ్చు లేచి ఉంటే "బయటి దెబ్బ గుర్తు లేదు" అన్న వాక్యం తీసేయండి. వాట్సాప్‌లో పంపి, అదే కాగితం మీద స్పీడ్ పోస్టులో అందిన రసీదుతో పంపండి. కోపం మాటలు ఒక్కటీ వద్దు. ఆ ఉత్తరం రేపు చదివేది షాపు యజమాని ఒక్కరే కాకపోవచ్చు, కమిషన్ కూడా కావచ్చు. కౌంటర్లో ఉన్న వ్యక్తి చాలాసార్లు యజమాని కాదు. బిల్లు మీద సంస్థ పేరు, చిరునామా చూసి యజమాని పేరిటే రాయండి. కౌంటర్లో దొరకని మర్యాద కొన్నిసార్లు అక్కడ దొరుకుతుంది.

15 రోజులు గడిచినా ఉలుకూ పలుకూ లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడొచ్చు. ఫిర్యాదు నంబరు ఇస్తారు, షాపుకు లేదా కంపెనీకి పంపుతారు. వాళ్లకు తీర్పు చెప్పే అధికారం లేదు. కానీ ఉత్తరానికి కదలనివాళ్లు దీనికి కదలడం చూస్తుంటాం. దానికీ కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. ఇందుకు హైదరాబాద్ తిరగనక్కర్లేదు. 2019 చట్టం వచ్చాక ఫిర్యాదుదారు నివసించే చోటే వేయొచ్చు, అంటే ఖమ్మంలోనే. ఐదు లక్షల లోపు విలువకు ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్‌లోనూ వేయొచ్చు. గడువు కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్లు. షాపును, కంపెనీని ఇద్దరినీ ఎదుటి పక్షాలుగా చేర్చండి. ఒక్కరినే చేర్చితే వాళ్లు లేనివారి మీదికి నెట్టేస్తారు.

ఒక్క విషయంలో లెక్క చూసుకోండి. వస్తువును ల్యాబుకు పంపాలని కమిషన్ అనుకుంటే పరీక్ష ఫీజు ముందు మీరే కట్టాల్సి రావచ్చు. నోటీసు అందాక పరీక్ష అక్కర్లేని కేసులో మూడు నెలల్లో, పరీక్ష ఉంటే ఐదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతుంది. వాయిదాలు పడితే ఇంకా ఎక్కువ పడుతుంది. పదివేల రాకెట్‌కు అంత దూరం వెళ్లాలా అన్నది మీ ఓపిక మీద ఉంటుంది. మా అభిప్రాయం అడిగితే, బయటి దెబ్బ గుర్తు లేకపోతే 1915 వరకు తప్పకుండా వెళ్లండి. ఆ తర్వాత షాపు సగం ధరకు కొత్తది ఇస్తామంటే బేరం గురించి ఆలోచించండి. దెబ్బ గుర్తు ఉంటే గట్టింగ్ బిల్లు అడిగి తీసుకుని అక్కడితో ఆపండి.

ఇక పాపను అన్న మాట. నోటి దురుసుకు చట్టంలో విడిగా ధర లేదు. ఫిర్యాదు రాస్తే ఒక వాక్యంలో చెప్పండి, అంతే. గూగుల్‌లో రివ్యూ రాయాలనిపిస్తే రాయండి, అది మీ హక్కు. కానీ జరిగింది తేదీలతో రాయండి. "దొంగలు", "నకిలీ సరుకు" లాంటి మాటలు రుజువు లేకుండా రాస్తే పరువు నష్టం అంటూ వాళ్లే మీ మీదికి వస్తారు. మళ్లీ ఆ షాపుకు వెళ్లాల్సి వస్తే పాపను తీసుకెళ్లకండి.

టోర్నమెంట్ సంగతి. ఈ గొడవ తేలేదాకా ఆగకండి, పదిహేను రోజుల్లో ఏదీ తేలదు. అదే బరువు, అదే పిడి సైజు ఉన్న రాకెట్ తీసుకోండి, మధ్యలో మోడల్ మార్చితే పాప టైమింగ్ దెబ్బతింటుంది. పిడికి జీ4, జీ5 అంటుంటారు, ఎక్కువ బ్రాండ్లలో అంకె పెరిగేకొద్దీ పిడి సన్నమవుతుంది. ఖరీదు తక్కువదైనా ఫర్వాలేదు. పద్నాలుగేళ్ల పిల్లకు 22–24 పౌండ్లు, 0.68 లేదా 0.70 మిల్లీమీటర్ల గట్ సరిపోతుంది. 0.63 లాంటి సన్న తీగలు మోత బాగుంటాయి గానీ త్వరగా తెగుతాయి. ఈ మధ్య అకాడమీల్లో పిల్లలు ఒకరిని చూసి ఒకరు 27, 28 అంటున్నారు. బిగువు పెరిగేకొద్దీ కాక్ సరిగ్గా తగలాల్సిన చోటు చిన్నదవుతుంది, భుజం మీద భారం పడుతుంది. ఆ అంకెలు చేతిలో బలం వచ్చాక.

గట్టింగ్ ఇచ్చేటప్పుడు మెషీన్ ఎలాంటిది, సపోర్టులు ఎన్ని, నిలువుకు ఎంత, అడ్డానికి ఎంత అని అడగండి. జవాబు చెప్పడానికి విసుక్కునే చోట ఇవ్వకండి. బిల్లు మీద గట్ పేరు, రెండు అంకెలు, తేదీ రాయించుకోండి. తీసుకునేటప్పుడు అక్కడే రాకెట్‌ను బల్ల మీద పడుకోబెట్టి తల వంకర ఉందా, అల్లికలో ఎక్కడైనా తీగ కింద వెళ్లాల్సింది పైన వెళ్లిందా, రంధ్రాల దగ్గర కొత్త గీత ఉందా చూసి, ఒక ఫొటో తీసుకుని బయటికి రండి. టోర్నమెంట్‌కు మూడు నాలుగు రోజుల ముందు వేయిస్తే మొదటి సడలింపు ప్రాక్టీసులోనే అయిపోతుంది. పాప మ్యాచ్‌లో కొత్త బిగువుకు అలవాటు పడాల్సిన పని ఉండదు.